కంచె కావాలా, కాయ కావాలా

శంషాబాద్ నుంచి షాబాద్ వెళ్ళే రోడ్డు మీద నర్కూడ దాటాక రెండు పక్కలా గోడలే. సిమెంటు పలకలు పేర్చి నిలబెట్టిన ప్రీకాస్ట్ గోడలు, వాటి మీద ఇనుప ముళ్ళ తీగ, గేటు పక్కన ఈ స్థలం ఫలానావారిదని ఎర్ర అక్షరాలు. లోపల పైరు ఉండదు. చాలా చోట్ల మనిషి కూడా ఉండడు. ఆ గోడల నడుమ నా రెండెకరాల చుట్టూ మాత్రం పచ్చటి ముళ్ళ కంచె ఉంది. కలెచెట్ల కంచె. కోస్తావాళ్ళు వాక్కాయ అంటారే, ఆ కాయ కాస్తుంది. చూడవచ్చినవాళ్ళు, ముఖ్యంగా కాలేజీలో నాతో పనిచేసినవాళ్ళు, ఎంతో మెచ్చుకుంటారు. జీవితమంతా వృక్షశాస్త్రం చెప్పిన మనిషి కదా, చెట్టు మీద ప్రేమ ఎక్కడికి పోతుంది అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఆ ఊరుకోవడం ఈ మధ్య నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఆ కంచె మొదటి వరస నాటినప్పుడు నా మనసులో చెట్టు లేదు, పిట్ట లేదు. హద్దు ఉంది.

2008 మార్చిలో ఇక్కడ రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం తెరుచుకుంది. దాదాపు 5,500 ఎకరాలు దాని కిందికి వెళ్ళాయి. అంతకు ముందు ఈ చల్క నేలల్లో జొన్న, కంది, ఆముదం వేసేవాళ్ళు. బావి ఉన్నవాళ్ళు కూరగాయలు పండించి పట్నం పంపేవాళ్ళు. ఇంట్లో భూమి మాట వస్తే అది వాన గురించో, విత్తనం గురించో, పెంట తోలించడం గురించో అయ్యేది. విమానాశ్రయం వస్తుందన్న వార్త తెలిశాక గజాల లెక్కలు మొదలయ్యాయి. అన్నదమ్ములు కలిసి దున్నుకున్న పొలాల్లో సర్వేయర్ల గొలుసులు తిరిగాయి.

మా నాయినకు అన్న, నేను, ఇద్దరమే. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానమైన వాటా ఇస్తూ 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. 2005లో ఆ హక్కు దేశమంతటికీ వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ఇంట్లో నోరు తెరిచి అడగగలమా? నేను అడగలేదు. నాయినే తన చివరి రోజుల్లో అన్నను కూర్చోబెట్టుకుని పడమటి ముక్క నా పేరున రాయించాడు. అన్న కాదనలేదు. వదిన ఒక్క మాట అనలేదు. ఊళ్ళో మాత్రం ఒకరిద్దరు అన్నారు, అత్తగారింటికి పోయిన ఆడిబిడ్డకు భూమి ఎందుకని. ఆ మాట అన్న నోట రాలేదు. అయినా అన్న మనసులో ఉందేమోనని నాకు నేనే ఊహించుకుని, ఆ ఊహను చాలాకాలం పెంచి పోషించాను. హద్దురాళ్ళు పాతిన ఏడు, తొలకరి పడగానే మొక్కలు తెప్పించాను. పశువులు వచ్చేది, కొత్త మనుషులు వచ్చేది రోడ్డు వైపు నుంచి. కంచె ముందు అక్కడ వేయాలి. నేను వేసింది అన్న పొలం వైపు.

ఈ ఒక్క వాక్యం కాగితం మీద పెట్టడానికి నాకు ఏళ్ళు పట్టింది.

కలెను ఎంచుకోవడంలో మాత్రం చదువుకున్న చదువు పనికొచ్చింది. మా చిన్నప్పుడు ఏ చేనుకు చూసినా ముళ్ళ కంచే ఉండేది, దాన్ని ఎవరూ పనిగట్టుకుని పెంచేవాళ్ళు కారు. గట్టు మీద రేగు, పరికి, బలుసు వాటంతటవే మొలిచేవి. సందు కనబడ్డచోట రైతు రేగుకంప కొట్టి అడ్డం వేసేవాడు. వాటి మీద కాకిదొండ, తిప్పతీగ, గురివింద పాకేవి. మొదళ్ళ దగ్గర వావిలి, ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు పెరిగేవి. వినాయకచవితికి ఇరవై ఒక్క రకాల పత్రి కావాలంటే అందులో ముఖ్యమైనవెన్నో ఒక్క కంచె చుట్టూ తిరిగితే దొరికేవి. భోగినాడు పిల్లల తల మీద పోసే రేగుపండ్లూ అక్కడివే. బడి నుంచి వస్తూ మేము ఏరుకున్నవి పరికిపండ్లు, కలెపండ్లు. పరికిపండు నల్లగా, నున్నగా, నోట్లో వేసుకుంటే గింజే ఎక్కువ, గుజ్జు తక్కువ. కలెపండు పచ్చిగా ఉన్నప్పుడు కొరికితే పాలు కారి పెదాలకు జిగటగా అంటుకుంటుంది. పండి నల్లబడ్డాక తీపి, పులుపు కలిసిన రుచి. ఇంటికెళ్ళేసరికి నోటి రంగు చూసి అమ్మ పట్టేసేది.

తరగతిలో కంచె మొక్కల పాఠం వచ్చినప్పుడు పిల్లలకు రెండు కథలు చెప్పేదాన్ని. నాగజెముడు మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. ఒకప్పుడు దక్షిణ దేశమంతా కంచెలుగా, ఆపైన బీళ్ళుగా పరుచుకుంది. ఎర్ర రంగు ఇచ్చే పురుగు కోసమని 1795లో కొందరు ఒక పురుగును తెచ్చి వదిలితే, అది రంగు ఇవ్వడం మాట అటుంచి ఒక జాతి నాగజెముడును తినేసింది. ఇంకో జాతిని అదుపు చేయడానికి 1920లలో మరో రకం పురుగును కావాలనే తెప్పించారు. రెండో కథ సర్కారుతుమ్మది. కట్టెలు దొరుకుతాయని, బీడు పచ్చబడుతుందని 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో మొదట నాటించారు. ఇప్పుడు చెరువు శిఖాల నుంచి రైలుకట్టల దాకా అది లేనిచోటు లేదు. ఈ రెండూ తెలిసినదాన్ని కాబట్టి ఈ నేల మొక్కనే నాటాలని పట్టుబట్టాను. అడవి కలె కరిస్సా స్పైనారమ్, పెద్దకాయ వాక్కాయ కరిస్సా కరండాస్. నా కంచెలో రెండూ ఉన్నాయి. గన్నేరు కుటుంబానికి చెందినవి, అందుకే గిల్లితే పాలు. కణుపు దగ్గర జంటగా, గట్టిగా ముళ్ళు. ఒక్కోసారి ముల్లు కొనలో మళ్ళీ చీలుతుంది. పూత మాత్రం తెల్లగా, మల్లెజాతిని తలపిస్తూ, సాయంత్రం పూట మెల్లటి వాసనతో ఉంటుంది.

పెంచడం కష్టమైన పని కాదు, ఓపిక కావాలి. బాగా పండిన కాయను పిసికి, గుజ్జు పోయేదాకా కడిగి, గింజను నీడన ఆరబెట్టి వెంటనే పోయాలి. దాచిపెట్టిన గింజకు మొలకశక్తి త్వరగా పోతుంది. ఆగస్టులోనో సెప్టెంబరులోనో పోస్తే మరుసటి వానాకాలానికి గానీ నాటే మొక్క చేతికి రాదు. అడుగున్నర లోతు కాలువ తవ్వి, మాగిన పశువుల పెంట వేసి, రెండు వరసలుగా, ముందు వరసలో రెండు మొక్కల నడిమి సందుకు ఎదురుగా వెనక వరస మొక్క వచ్చేలా నాటించాను. లేత చిగురుకు ముల్లు గట్టిపడి ఉండదు, మేక నోరు పెడితే అంతే. అందుకని మొక్కల అవతల ఎండు రేగుకంప వేయాల్సి వచ్చింది. ఆ పని చేసిన ముసలాయన ఎడమచేతిలో పంగలకర్రతో కంపను అదిమి పట్టుకుని, కుడిచేతిలో కొడవలితో అడ్డమొచ్చిన కొమ్మలు తెంపుతూ, కంపలో కంప ఇరికిస్తూ పోయాడు. చేతికి ఒక్క ముల్లు గుచ్చుకోలేదు. నేను రెండు కొమ్మలు సాయం పట్టబోయి మోచేతుల దాకా గీరుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి, ‘కంపతోని కొట్లాడొద్దు బిడ్డా, అది పోయే దిక్కే మనం పోవాలె’ అన్నాడు.

ఆ తర్వాత వచ్చింది కోత. కంచెగా పెంచేవాళ్ళకు ఇదే అసలు విద్య. మొక్క మోకాలెత్తుకు రాగానే నిర్దయగా తల తెంపాలి. తెంపితేనే అడుగు నుంచి పిలకలు వేసి చిక్కబడుతుంది. వదిలేస్తే పైకి గుబురుగా పెరిగి, కింద కాళ్ళు బయటపడి, కుక్క దూరేంత సందులు వస్తాయి. అయితే కలెకు పూగుత్తులు వచ్చేది కొమ్మ చివరన. చివరలు కత్తిరిస్తే పూత పోతుంది, పూత పోతే కాయ లేదు. వానాకాలంలో కాయ కోసుకున్నాక ఒక్కసారి కత్తిరిస్తే కొత్త చిగుళ్ళు వేసి చలి పోయేనాటికి పూతకు వస్తుంది. కానీ గోడ మాదిరి నున్నగా, చిక్కగా ఉండాలంటే ఆ ఒక్క కోత చాలదు. చలికాలంలో ఇంకో కోత పడాలి, ఆ కోతలో పూమొగ్గలన్నీ నేల రాలుతాయి. కంచె కావాలా, కాయ కావాలా? రెండూ కావాలంటే రెండూ సగం సగమే.

మొదటి కొన్నేళ్ళు నేను కంచెనే కోరుకున్నాను. అన్న పొలం వైపు వరసను ఏటా రెండుసార్లు కత్తిరించాను. రోడ్డు వైపు వరస మీద అంత శ్రద్ధ లేదు, అది ఇష్టమొచ్చినట్టు పెరిగింది. దానికి కాయలు విరగకాసేవి. అన్న వైపు వరసకు ఒక్క కాయ ఉండేది కాదు. చూసినవాళ్ళకు ఆ వరస చాలా అందంగా ఉండేది. గొర్రె దూరని, కోడి దూరని, చూపు దూరని కంచె. దాన్ని చూసి నేను గర్వపడేదాన్ని. ఆ గర్వం చెట్టును పెంచిన మనిషిది కాదని ఇప్పుడు తెలుస్తోంది. భూమి తన పేరు మీద ఉందని తనకు తానే రోజూ చెప్పుకోవలసిన అవసరం ఉన్న మనిషిది.

ఐరోపాలో దీనికి దగ్గరి పోలిక ఉన్న ముళ్ళపొద ఒకటుంది, బ్లాక్‌థార్న్. రేగు కాదు, ఆల్‌బుఖారా పండుకు చుట్టం, ప్రూనస్ స్పైనోసా. ఆకు రాకముందే కొమ్మలన్నీ తెల్లటి పూలతో నిండిపోతాయి. శరత్తులో నీలి నలుపు కాయలు కాస్తుంది, స్లో అంటారు వాటిని. నోరు వగరుతో పట్టేసేటంత పులుపు, మంచు పడ్డాక కాస్త మెత్తబడతాయి. ఇంగ్లండులో పొలాల చుట్టూ ఉన్న ముళ్ళ కంచెల్లో అదీ ఒక ముఖ్యమైన మొక్క. వాటిని ఇవాళ పిట్టలకు, పురుగులకు ఇల్లని అక్కడివాళ్ళు కాపాడుకుంటారు, కాపాడుకోవలసిందే. కానీ వాటిలో చాలా కంచెలు పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో పార్లమెంటు వేల చట్టాలు చేసి ఊరుమ్మడి మేతబీళ్ళను సొంత కమతాలుగా మార్చినప్పుడు లేచినవి. ఆవును మేపుకునే హక్కు, కట్టె ఏరుకునే హక్కు పోయినవాళ్ళకు ఆ తెల్లటి పూలు ఎలా కనిపించి ఉంటాయి? ఈ సంగతి నేను ఎప్పుడో చదివాను. చదివినప్పుడు నా కంచె గుర్తుకు రాలేదు. అదే నన్ను ఇప్పుడు ఆశ్చర్యపరుస్తోంది.

అంత దూరం పోనక్కర లేదు. మన దేశంలోనే తెల్లదొరలు ఉప్పు మీద పన్ను ఎగ్గొట్టకుండా చూడటానికి అటక్ దగ్గర నుంచి మధ్య భారతం మీదుగా రెండు వేల మైళ్ళకు పైగా ఒక సుంకం గీత గీశారు. దానిలో చాలా భాగం ముళ్ళ కంచె. అక్కడక్కడ మనిషికి రెండింతల ఎత్తు. అందులో నాటిన వాటిలో తుమ్మ, రేగు, జెముడు, నాగజెముడు ఉన్నాయి, వాక్కాయ కూడా ఉంది. వేలమంది కాపలా కాసేవారు. 1867 నుంచి 1870 దాకా ఆ సుంకాల శాఖకు కమిషనరుగా ఉండి కంచెను బలపరచినవాడు ఏ.ఓ. హ్యూమ్. 1885లో కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్నవాడూ, ఈ దేశపు పక్షుల మీద జీవితం ధారపోసినవాడూ ఆయనే. 1879లో ఆ గీతను ఎత్తేశారు. కంచె ఎండి, చెదలు పట్టి, దున్నబడి మాయమైంది. రాయ్ మాక్సమ్ అనే ఆంగ్లేయుడు దాని ఆనవాళ్ళు వెతుక్కుంటూ తిరిగి 2001లో పుస్తకం రాసేదాకా మనకే గుర్తు లేదు. పిట్టల్ని అంతగా ప్రేమించిన మనిషి పేదవాడి చిటికెడు ఉప్పుకు అడ్డంగా ముళ్ళు నాటించాడు. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయని నేను ఒకప్పుడు అడిగేదాన్ని. ఇప్పుడు అడగను. నాలో ఇమిడి ఉన్నాయి కదా.

గొర్రెల కాపరి వచ్చి అడిగిన రోజు అది బాగా తెలిసింది. మా పొలాల మీదుగా నాయిన కాలం నుంచీ ఒక బండ్ల బాట ఉండేది. పత్రాల్లో లేదు, నడకలో ఉంది. ఎండాకాలం కోతలయ్యాక గొల్లకురుమలు ఆ బాటన మందలను తోలుకుపోయేవాళ్ళు. నాయిన పిలిచి మరీ నాలుగు రాత్రులు చేలో మంద పెట్టించుకుని, గొర్రెల ఎరువుకు బదులుగా వాళ్ళకు ధాన్యం ఇచ్చేవాడు. ఇప్పుడు ఆ బాటకు ఒక కొస వెంచర్ గోడ, ఇంకో కొస నా కంచె. మధ్యలో అన్న పొలం. కాపరి కంచె అవతల నిలబడి, కర్ర మీద గడ్డం ఆనించి అడిగాడు: ‘అక్కా, గీడ జరంత సందు ఇడిస్తే గొర్లు మీ శేన్లకెల్లి శెరువు దిక్కు పోతయి. లేకుంటె పెద్ద రోడ్డు మీదికెల్లి తోలాలె. మొన్న లారీ కింద రెండు పడ్డయి.’

నేను చూద్దాం తమ్మీ అన్నాను. ఆ రాత్రి నాకు వచ్చిన ఆలోచనలు వరసగా చెబుతాను. ఏళ్ళ తరబడి నడవనిస్తే అది దారి హక్కు అవుతుందని ఒక వకీలు ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. దారి పడితే గజం ధర తగ్గుతుందేమో అనుకున్నాను. గొర్రెలు వస్తే మొక్కలు తింటాయనుకున్నాను, ఎదిగిన కలెను గొర్రె తినదని తెలిసి కూడా. పేదవాళ్ళ పక్షాన రాసే, మాట్లాడే మనిషిని, సందు ఇవ్వకపోతే నలుగురు ఏమనుకుంటారోనని కూడా అనుకున్నాను. ఇవన్నీ అయ్యాక, చిట్టచివరికి, లారీ కింద పడ్డ గొర్రెలు గుర్తొచ్చాయి. ఈ వరసే నన్ను బాధపెడుతుంది. మంచి ఆలోచన రాకపోలేదు, ఆఖరున వచ్చింది.

సందు ఇవ్వాలంటే అది అన్న వైపు వరసలోనే ఇవ్వాలి. బాట అటే పోతుంది మరి. అన్నను అడగాలి. ఆ మాట కోసం చాలా ఏళ్ళ తర్వాత కంచెకు అవతలి పక్కకు వెళ్ళాను. గట్టు వెంట నడుస్తుంటే అక్కడ ఒకటి కనిపించింది. అవతలి పక్క కంచె కూడా కత్తిరించి ఉంది. నేను కత్తిరించినది కాదు, చేయి అటు అందదు. కొమ్మల కోతలు కొన్ని పాతబడి నల్లబడ్డాయి, కొన్ని కొత్తవి, వాటి చివర పాలు గడ్డకట్టి తెల్లగా ఉన్నాయి. నేల మీద కత్తిరించిన కంప పోగులు పోగులుగా గట్టు పక్కన పేర్చి ఉంది. చేలోకి కొమ్మ రాకుండా, నీడ పడకుండా కత్తిరించుకున్నాడని అనుకోవచ్చు, అదీ నిజమే. కానీ కంప కొట్టేవాడు తన చేలోకి వచ్చిన కొమ్మను మొదట్లో నరికి పారేస్తాడు. ఇక్కడ ఒక్క మొదలు నరకలేదు. ఈ కంచె ఇంత చిక్కగా లేచిందంటే సగం అన్న చేతిపనే. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అటు వెళ్ళి చూడలేదు.

అన్నతో దాని గురించి మాట్లాడలేదు, మాట్లాడటం మా ఇద్దరికీ అలవాటు లేదు. బాట సంగతి చెప్పాను. ‘నాయిన ఉన్నప్పుడు ఉండె గద’ అన్నాడు. అంతే. ఎడ్లబండి పట్టేంత సందు కొట్టించాం. మొదట్ల దాకా నరికినా కలె చావదు, మోడు నుంచి మళ్ళీ చిగురేస్తుంది. అందుకని ఏటా తొలకరికి ఒకసారి ఆ సందును మళ్ళీ కొట్టాలి.

కాయ విషయానికి వస్తాను. రోడ్డు వైపు వరసకు కాసే కాయల్లో సగం బయటికే కాస్తాయి. ఆగస్టులో వాటిని కోసుకోవడానికి ఆడవాళ్ళు వస్తారు. దగ్గరలో కడుతున్న ఇళ్ళ దగ్గర పనిచేసే పాలమూరువాళ్ళు, విమానాశ్రయంలో ఊడ్చే పనికి పోయేవాళ్ళు, పిల్లలు. మొదట్లో నా గుండె ఉలిక్కిపడేది. కాయ పోతుందని కాదు, ఆ కాయ నేను కూడా ఎప్పుడూ పూర్తిగా కోసుకోలేదు. అడగకుండా కోస్తున్నారే అని. మా ఊరి పద్ధతి ప్రకారం కంచె బయటి కాయ దారిన పోయేవాళ్ళది. చిన్నప్పుడు నేను తిన్న కాయలన్నీ ఎవరో ఒకరి కంచెవే, ఒక్కరినీ అడగలేదు. ఇది తెలిసి కూడా ఒకసారి గేటు దగ్గర నిలబడి, ‘ఎవరమ్మా అది’ అని గట్టిగా అరిచాను. ఒక అమ్మాయి కొంగులో ఉన్న కాయలు చూపించి, ‘పప్పులకు అమ్మా, చింతపండు పిరమైంది’ అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు బయటి వైపు చలికాలం కోత పూర్తిగా మానేశాను, కాయ నిండుగా కాయాలని. కంచె ఆ వైపు కొంత పలచబడింది. పలచబడనిచ్చాను.

వాక్కాయ పప్పు చేయడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. కాయను నిలువుగా చీల్చి గింజలు తీయాలి, పాలు వేళ్ళకు అంటుకుని నల్లబడతాయి కాబట్టి చేతికి నూనె రాసుకోవాలి. కందిపప్పు ఉడుకుతుండగా పచ్చిమిరపతో పాటు వేస్తే చింతపండు పనే లేదు. ఉప్పులో ఊరవేస్తే ఏడాది నిలవుంటుంది. బేకరీల్లో కేకుల మీద, బన్నుల్లో ఎర్రగా మెరిసే చెర్రీ చాలా వరకు ఈ వాక్కాయే, గింజ తీసి రంగు నీళ్ళలో, చక్కెర పాకంలో ఊరబెట్టింది. ఆ సంగతి చెప్పినప్పుడు వదిన నమ్మలేదు, నేను ఇంట్లో పాకం పట్టి చూపించాక నమ్మింది. ఇప్పుడు ఆ పని ఆవిడదే.

కంచె చిక్కబడ్డాక పిగిలిపిట్టలు వచ్చాయి, కౌజులు వచ్చాయి, ముంగిస ఒకటి మొదళ్ళలో కాపురం పెట్టింది. ఒక పొద్దున కలెముల్లుకు గుచ్చి ఉన్న మిడతను చూశాను. కాళ్ళు ఇంకా కదులుతున్నాయి. కళ్ళ మీద నల్ల పట్టీ ఉండే చిన్న వేటపిట్ట ఒకటి ఇలా ఎరను ముల్లుకు గుచ్చి దాచుకుంటుంది. పుస్తకంలో పాఠంగా ఎన్నోసార్లు చెప్పానేగానీ కళ్ళతో చూసింది నా కంచెలోనే. పిట్టకు ఆ ముల్లు కత్తి, గూటికి కాపలా, వంటింటి అలమార. నేను ఆ ముల్లుకు ఒకే పని ఇచ్చాను.

పిట్టల మాట వచ్చినప్పుడు ఇంకో చింత ఉంది, దాన్ని దాటవేయకూడదు. మా మీదుగానే విమానాలు దిగుతాయి. 1937 నాటి విమాన నియమాల్లో 91వది విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపల పశువధ, చెత్త పారబోయడం పక్షులను పిలుస్తాయి కాబట్టి వాటిని కట్టడి చేస్తుంది. రన్‌వేల దగ్గర పండ్లచెట్లు పెట్టకుండా జాగ్రత్త పడతారు. నా పొలం ఆ గోడ లోపల లేదు, నియమం కంచె చెట్ల గురించి చెప్పలేదు. పిగిలిపిట్టలు పొద నుంచి పొదకు ఎగురుతాయేగానీ విమానాల ఎత్తుకు పోవు. ప్రమాదం ఎక్కువగా గద్దలతో, అవి చేరేది మాంసపు వ్యర్థాల మీద. ఇవన్నీ తెలుసు. అయినా టెక్సాస్‌లో ఉన్న కూతురి దగ్గరికి నేను ఎక్కేది ఆ విమానమే. కిటికీ పక్కన కూర్చుని కింద నా పచ్చటి చతురస్రం కనిపిస్తుందేమోనని వెతుకుతాను. విమానాశ్రయం మా ఊళ్ళను మింగిందని రాసే చేతితోనే బోర్డింగ్ పాస్ పట్టుకుంటాను. ఈ రెండిట్లో ఏదీ అబద్ధం కాదు, రెండూ నేనే. కనీసం కంచె పక్కన కోడి వ్యర్థాలు ఎవరూ పారబోయకుండా చూసుకోవడం నా చేతిలో పని, అది చేస్తున్నాను.

ఈ ముళ్ళపొదల నేలను కాగితాల్లో బంజరు అని రాస్తారు. 1848లో జెర్డన్ అనే దొర ద్వారా లోకానికి తెలిసి, 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్ళీ దొరికింది అలాంటి ముళ్ళపొదల నేలలోనే. మా వైపు అంత అరుదైన పక్షి లేదు. కానీ హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జంట జలాశయాల్లోకి నీరు తెచ్చే వాగులు ఇలాంటి గట్ల మీదుగా, కంచల మీదుగా పారేవి. వాటిని కాపాడటానికే 1996 మార్చిలో 84 ఊళ్ళకు వర్తించేలా 111వ జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ 69వ జీవో వచ్చింది. ఆ వార్త వచ్చిన రోజు ఫోను మోగుతూనే ఉంది. ప్రతి ఫోనుకూ అమ్మనని చెప్పాను. చెబుతూనే ధర ఎంతో అడిగాను.

ఈ వేసవిలో అన్న కొడుకు వచ్చాడు. విమానాశ్రయంలో కార్గో వైపు ఉద్యోగం, మంచి పిల్లవాడు. ‘అత్తమ్మా, ఈ ముండ్లు ఎన్ని దినాలు కోస్తవు? ప్రీకాస్ట్ గోడ పెట్టిస్తా, వారంల అయిపోతది. కబ్జా భయం ఉండదు’ అన్నాడు. ఇంతకు ముందు అడిగినప్పుడు ఖర్చెందుకు అన్నాను. నిజానికి ఖర్చు కారణం కాదు. ఈసారి ఉన్నది చెప్పాను. ఆ కంచెను మొదట మీ నాన్నకు అడ్డంగా వేశానని, ఆయన అవతలి నుంచి దాన్ని పెంచాడని, గోడ అయితే అలా రెండు వైపుల నుంచి పెరగదని. పిల్లవాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘రేపు అమ్మవలసి వస్తే?’ అన్నాడు. అమ్మనని మాట ఇవ్వలేకపోయాను. నాకు వయసు మీద పడుతోంది, కూతురు తిరిగి వస్తుందన్న ఆశ లేదు. కొన్నవాళ్ళు జేసీబీ పెడితే కంచె ఒక్క పూటలో లేచిపోతుంది. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

అందుకని నర్సరీ మడి పెంచాను. అడిగినవాళ్ళకల్లా మొక్కలు ఇస్తున్నాను. షాబాద్ వైపు ఇద్దరు రైతులు తీసుకెళ్ళారు, గొర్రెల కాపరి తన దొడ్డికి కొన్ని తీసుకెళ్ళాడు. ఈ వానాకాలం అన్న తన రోడ్డు వైపు గట్టుకు కావాలని కబురు పెట్టాడు. కాయ బాగా కాసే రకమే పంపమన్నాడు.